ఈశాన్యం ట్యాంకర్లో రాదు

బెంగళూరులో ఇల్లు కొనే తెలుగువాళ్ళకి ఏం చూడాలో తెలియదని ఒక అపవాదు చాలాకాలంగా తిరుగుతోంది. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో అడగరట. కాగితాలు తిరగేయరట. వాన పడితే వీధి ఎటు పారుతుందో కనుక్కోరట. గడప ఏ దిక్కున ఉంది, క్లబ్‌హౌస్‌లో టేబుల్ టెన్నిస్ ఉందా, ఈ రెండూ చూసి చెక్కు రాసేస్తారట. ఈ మాటలనేవాళ్ళలో ఎక్కువమంది, ఎప్పుడో జయనగర్‌లోనో మల్లేశ్వరంలోనో సైటు కొని పడేసిన తండ్రులకు పుట్టిన అదృష్టవంతులు. కుళాయి తిప్పితే వాళ్ళకి కావేరి వస్తుంది, కిటికీ తీస్తే కొబ్బరిచెట్టు కనిపిస్తుంది. అలాంటివాళ్ళకి జవాబు చెప్పనక్కర్లేదు గానీ, ఊరుకుంటే ఒప్పుకున్నట్టవుతుందని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మన పద్ధతి వెనక గట్టి తర్కం ఉంది. ఇంటికి కావలసినవి రెండు రకాలు. కొన్న తర్వాత కూడా డబ్బు పెట్టి తెచ్చుకోగలిగినవి, ఎంత పెట్టినా తెచ్చుకోలేనివి. నీళ్ళు తెచ్చుకోవచ్చు. కరెంటు పోతే జనరేటర్ తెచ్చుకోవచ్చు. రోడ్డు బాగాలేకపోతే కాస్త ఎత్తుగా ఉండే కారు తెచ్చుకోవచ్చు. ఈశాన్యం మాత్రం ట్యాంకర్లో రాదు. "అన్నా, సాయంత్రంలోగా ఒక లోడు ఈశాన్యం పంపించు" అని ఏ ట్యాంకర్ ఓనరుని బతిమాలినా పంపలేడు. ఎక్కడా దొరకనిదాన్ని ముందు చూసుకోవాలి, డబ్బు పడేస్తే దొరికేదాన్ని తర్వాత చూసుకోవచ్చు. మనం చేస్తున్నది అదే.

నీళ్ళ సంగతే తీసుకోండి. బెంగళూరు తాగే కావేరి నీళ్ళు సుమారు 100 కిలోమీటర్ల అవతల, తొరెకాడనహళ్ళి దగ్గర బయల్దేరి, పంపులు తోస్తుంటే వందల మీటర్ల ఎత్తు ఎక్కి ఊళ్ళోకి వస్తాయి. అంత ఆయాసపడి వచ్చినవి మన టవర్ పద్దెనిమిదో అంతస్తు దాకా కూడా రావాలనడం న్యాయమేనా? ఊరి చుట్టూ ఉన్న 110 గ్రామాలను 2007లో నగరపాలికలో కలిపారు. ఆ గ్రామాల దాహం తీర్చడానికి కట్టిన కావేరి ఐదో దశను 2024 అక్టోబర్‌లో ప్రారంభించారు, రోజుకి 77.5 కోట్ల లీటర్ల సామర్థ్యంతో. మధ్యలో గడిచిన పదిహేడేళ్ళలో ఆ గ్రామాల్లో ఎన్ని టవర్లు లేచాయో లెక్కపెట్టడం కష్టం. ఆ టవర్లలో కాపురం చేసినవాళ్ళెవరూ దాహంతో పోలేదు కదా. ఇక్కడే నా వాదన సగం గెలిచింది.

2024 వేసవి గుర్తులేదా అంటారు. ఎందుకు లేదు? ఆ మార్చిలో బోర్లు ఎండిపోతే ఉప ముఖ్యమంత్రే తన ఇంటి బోరు కూడా ఎండిందని చెప్పారు. తాగే నీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ఉత్తర్వు ఇచ్చింది. ట్యాంకర్లకి జిల్లా యంత్రాంగం రేటు కట్టింది, ఐదు కిలోమీటర్ల లోపైతే 12,000 లీటర్లకి 1,000 రూపాయలని. ఆ రేటుకి ట్యాంకర్ దొరికినవాళ్ళని చూడాలని నాకు చాలా కోరికగా ఉంది. ఆ వేసవి చూసినవాడు ఎక్కడ ఇల్లు చూసినా ముందు సంప్ మూత ఎత్తి చూడాలని విమర్శకుల వాదన. సరే, చూశాడనుకుందాం. సంప్ నిండా నీళ్ళున్నాయి. ఇంట్లో టాయిలెట్ మాత్రం ఈశాన్యంలో ఉంది. ఆ నీళ్ళన్నీ చివరికి ఏ మూలకి పోతాయో ఒక్క విమర్శకుడైనా ఆలోచించాడా?

కాబట్టి దిక్కే ముందు. ఆదివారం ఉదయం సర్జాపూర్ రోడ్డు మీద ఏ మోడల్ ఫ్లాట్‌కి వెళ్ళినా ఈ పరీక్ష ఎంత నిష్ఠగా జరుగుతుందో చూడొచ్చు. భర్త చేతిలో ఒక ఫోను, అందులో దిక్సూచి. భార్య చేతిలో ఇంకో ఫోను, అందులో వీడియో కాల్, ఆ చివర ఒంగోలు నుంచి మామగారు.

"ఏమ్మా, ఫోను కాస్త కుడిపక్కకి తిప్పు. గడపకి ఎదురుగా అదేంటి?"

"లిఫ్టు మామయ్యా."

"లిఫ్టు కింద గొయ్యి ఉంటుందా?"

"ఉంటుంది మామయ్యా."

"అయితే బావి కిందే లెక్క. బావి ఏ మూలనుందో చూసి చెప్పమను వాణ్ణి."

దిక్సూచి ఉన్నవాడు అటూ ఇటూ తిరుగుతాడు. స్లాబులోనూ స్తంభాల్లోనూ ఇనుప కడ్డీలున్న చోట ఫోను దిక్సూచి అడుగుకో మాట చెబుతుంది. సోఫా దగ్గర ఉత్తరం అన్నది షూ ర్యాక్ దగ్గరికి వచ్చేసరికి వాయవ్యం అంటుంది. అనుభవం ఉన్న సేల్స్ కుర్రాడికి ఏ టైలు మీద నిలబడితే ఏ ఫ్లాటు తూర్పుకి తిరుగుతుందో కంఠతా వచ్చు. "సార్, మీరు ఇలా వచ్చి ఇక్కడ నిలబడండి" అంటాడు. నిలబడగానే బావి ఈశాన్యంలోకి వస్తుంది. ఒంగోలులో తృప్తిగా దగ్గిన శబ్దం వినిపిస్తుంది.

తూర్పు వాకిలికి బిల్డర్లు ప్రత్యేకంగా ఛార్జ్ వేస్తారు. ప్రిఫర్డ్ లొకేషన్ ఛార్జ్ అని దానికో పేరు. సూర్యుడికి ఇందులో వాటా లేదు. ఒక విషయం మాత్రం మనవాళ్ళు గమనించాలి. కారిడార్లో ఎదురింటివాళ్ళది పడమటి వాకిలి అయితేనే మనది తూర్పు వాకిలి అవుతుంది. మన శుభమంతా వాళ్ళ త్యాగం మీద నిలబడి ఉందన్నమాట. సంక్రాంతికి వాళ్ళింటికి రెండు అరిసెలు ఎక్కువ పంపడం కనీస ధర్మం.

ఇక వీధిపోటు. రోడ్డు నేరుగా వచ్చి మన గేటుకి గుచ్చుకుంటే అది పనికిరాని ఇల్లని ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. బెంగళూరుకి వచ్చిన కొత్తలో చాలామంది ఈ భయంతో మంచి మంచి ఇళ్ళు వదులుకున్నారు. ఈ ఊళ్ళో ఆ దోషం వర్తించదని నా అభిప్రాయం. సిల్క్‌బోర్డ్ జంక్షన్ చుట్టుపక్కల సాయంత్రం ఆరింటికి ఏ వీధీ ఎవరినీ పొడిచేంత వేగంతో కదలదు. ఈ సడలింపుని శాస్త్రంలో చేర్చమని పండితుల్ని వినయంగా కోరుతున్నాను.

మనం ఒంటరివాళ్ళం కూడా కాదు. 2025 సెప్టెంబర్‌లో కర్ణాటక ప్రభుత్వం బెంగళూరు నగరపాలికని ఐదు కార్పొరేషన్లుగా విడదీసింది. విడదీసి ఏం పేర్లు పెట్టిందో చూడండి: మధ్య, తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం. నగరాన్నంతా చెత్త ప్రకారమో, గుంతల ప్రకారమో విభజించవచ్చు. వాళ్ళకీ దిక్కులే గుర్తొచ్చాయి. వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, కృష్ణరాజపురం తూర్పు కార్పొరేషన్లో పడ్డాయి. మెస్సులూ పీజీలూ పచ్చళ్ళ కొట్లూ అన్నీ ఉన్న చోటు కదా, మనవాళ్ళు ఇన్నేళ్ళుగా అటే ఎందుకు పోయి పడ్డారో ఇప్పటికి ఋజువైంది.

కాగితాల విషయంలో మనకి జాగ్రత్త లేదన్నది ఇంకో అబద్ధం. కాగితాలు చూస్తాం. ఎన్ని ఉన్నాయో చూస్తాం. ఫైలు చేత్తో పట్టుకుని బరువు కూడా చూస్తాం. బెంగళూరులో ఆస్తులకి ఏ ఖాతా, బీ ఖాతా అని రెండు తరగతులున్నాయి. అనుమతులన్నీ సరిగ్గా ఉన్నది ఏ. లేఅవుట్‌కి అనుమతి లేకపోవడమో, ప్లాన్‌లో లేని అంతస్తు పైకి లేవడమో జరిగినది బీ. అక్రమం కదా, పన్నెలా అడుగుతామని ప్రభుత్వం మొహమాటపడలేదు. విడిగా ఒక రిజిస్టర్ తెరిచి మరీ తీసుకుంది. అసలు ఖాతా అంటే పన్ను కట్టే లెక్కే తప్ప హక్కు పత్రం కాదని లాయర్లు గొంతు చించుకుంటూనే ఉంటారు. తర్వాత ఈ-ఖాతా, అంటే ఆన్‌లైన్ ఖాతా, లేకపోతే రిజిస్ట్రేషన్ లేదన్నారు. 2025లో బీ ఖాతాని ఏ ఖాతాగా మార్చే పథకం ప్రకటించారు. ఇప్పుడు మీరే చెప్పండి, ఏదో ఒక రోజు మారగల బీ ఖాతాని చూసి భయపడాలా, ఎప్పటికీ మారని నైరుతి వంటగదిని చూసి భయపడాలా?

ఓసీ దగ్గరికి వచ్చేసరికి విమర్శకుల గొంతు పెరుగుతుంది. ఓసీ అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే కట్టింది ప్లాన్ ప్రకారమే, ఇందులో మనుషులు ఉండొచ్చు అని నగరపాలిక ఇచ్చే కాగితం. ఓసీ వచ్చిందా అని అడిగితే "అప్లై చేశాం సార్" అని జవాబు వస్తుంది. అప్లై చేయడం వేరు, రావడం వేరు అని మనకి తెలుసు. ఇంటర్మీడియట్ చదివినవాళ్ళం, సీటుకి అప్లై చేసినవాళ్ళం. అయినా ఆ మాట దగ్గర ఆగిపోతాం. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇలాంటి సర్టిఫికెట్ చూపించాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఇల్లు పూర్తయి, రంగులు ఆరి, మీటరు లేక చీకట్లో కూర్చున్న గృహస్థులు అప్పుడు ఊరంతటా బయటపడ్డారు. పురోహితుడి తప్పు ఇందులో ఏమీ లేదు. పాలు పొంగించడానికి ఆయన అడిగింది ముహూర్తమే, ఓసీ కాదు. గోమాతని ఏ లిఫ్టులో పైకి తేవాలన్నది మాత్రమే ఆ రోజు అందరినీ వేధించిన సమస్య. పెంపుడు జంతువులకి సర్వీస్ లిఫ్టే అని అసోసియేషన్ నియమం. గోవు పెంపుడు జంతువా, అతిథా అన్న దాని మీద వాట్సాప్ గ్రూపులో రెండు వర్గాలు ఏర్పడ్డాయి.

విస్తీర్ణం గురించి పెద్దగా చెప్పేది లేదు. 1,650 చదరపు అడుగులంటారు, లోపల టేపు పెట్టి కొలిస్తే పదకొండు వందల చిల్లర తేలుతుంది. కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల మనం వాడుకునే చోటు, చెప్పి అమ్మాలని 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం చెబుతుంది. ఒప్పందంలో రాస్తారు కూడా. నోటికి మాత్రం లిఫ్టూ మెట్లూ కూడా కలిపి లెక్కేసే సూపర్ బిల్టప్ అలవాటు. తేడా ఎక్కడికి పోయిందని గొడవపడేవాళ్ళు ఒకసారి లిఫ్టులో నిలబడి ఆలోచించాలి. ఆ లిఫ్టులో మీ వాటా ఉంది. కారిడార్లో ఉంది. మెట్ల మీద ఉంది. జనరేటర్ గదిలో కూడా ఉంది, కావాలంటే వెళ్ళి కాసేపు కూర్చోవచ్చు. బెడ్‌రూమ్‌లో మంచం వేస్తే బీరువా తలుపు తెరుచుకోదన్న చిన్న విషయాన్ని పట్టుకుని ఇంత ఆస్తిని మర్చిపోవడం కృతఘ్నత.

ధర కూడా అంతే. అడుగుకి ఇంత అని చెప్పిన అంకె వినడానికి హాయిగా ఉంటుంది. తర్వాత అంతస్తు పెరిగినకొద్దీ కొంత, పార్కింగ్, క్లబ్‌హౌస్, కరెంటు-నీటి బోర్డు డిపాజిట్లు, కార్పస్ ఫండ్, లీగల్ ఛార్జీలు. కట్టుబడిలో ఉన్న ఇంటికి 5 శాతం జీఎస్టీ. 45 లక్షలు దాటితే 5 శాతం స్టాంప్ డ్యూటీ, దాని మీద సెస్సులు. 2025 ఆగస్టు చివరి నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు ఒక శాతం కాస్తా రెండు శాతమైంది. బ్రోషర్లో ఇవన్నీ ఉంటాయి, వెనక పేజీలో, చుక్క గుర్తు పక్కన.

సౌకర్యాల గురించి మాత్రం మనసు విప్పి మాట్లాడాలి. ఎందుకంటే మన కుటుంబాల్లో దిక్కు తర్వాత అంతటి శ్రద్ధ దీని మీదే. ఈతకొలను ఉండాలి. మనకి ఈత రాదు, పిల్లలు నేర్చుకుంటారు. స్క్వాష్ కోర్టు ఉండాలి. అదేం ఆటో కొన్నాక కనుక్కుంటాం. యాంఫీ థియేటర్ ఉండాలి. అందులో ఏడాదికోసారి వినాయక చవితికి పిల్లలు సినిమా పాటకి డాన్స్ చేస్తారు, మిగతా రోజులు కుక్కలు ఎండ కాచుకుంటాయి. ఈ సౌకర్యాలన్నిటిలో పొద్దున్నా సాయంత్రమూ కిటకిటలాడేది ఒక్కటే, మూల మీదున్న నాలుగు సిమెంటు బెంచీలు. మనవల్ని చూసుకోవడానికి ఆరు నెలలకని వచ్చి ఆరేళ్ళుగా ఉండిపోయిన కడప తాతయ్యలూ, ఏలూరు అమ్మమ్మలూ అక్కడే ఉంటారు. ఊళ్ళో పొలం కౌలు రేటూ, కోడలి ఆఫీసు టైమింగులూ, మోకాళ్ళ నొప్పికి వాడే మందులూ అక్కడే చర్చకి వస్తాయి. బ్రోషర్లో వాటి బొమ్మ ఉండదు. వాటికి ఛార్జీ కూడా లేదు, బిల్డర్లు ఇంకా గమనించినట్టు లేరు.

రాతలో ఎక్కడా కనపడని ముఖ్యమైన షరతు ఇంకోటుంది. "మనవాళ్ళు ఎంతమంది ఉన్నారు?" మొదట దీనికి అర్థం తెలుగువాళ్ళని. సేల్స్ కుర్రాడు సిద్ధంగానే ఉంటాడు: "సగం మనవాళ్ళే సార్, ఉగాది పచ్చడి ఇక్కడే కలుపుతారు, కార్తీక వనభోజనాలు కూడా. నాది కూడా నెల్లూరే." ఉగాది పచ్చడి మాటకి అమ్మ మెత్తబడుతుంది. గేటు లోపలికి వచ్చాక ఆ మాటకి అర్థం కొంచెం కొంచెంగా చిన్నదవుతుంది. కులం అడగడం అనాగరికం కాబట్టి ఎవరూ అడగరు. ఏ జిల్లా, ఇంటిపేరేమిటి, పిల్లల మేనమామ ఎక్కడ ఉంటారు అని మూడు ప్రశ్నలు వేసి, నాలుగో దానికి అవసరం లేకుండా చేసుకుంటారు. కొందరి మొహం విప్పారుతుంది, కొందరు మర్యాదగా టైము చూసుకుంటారు. తర్వాతి వారానికి తెలుగు గ్రూపు రెండవుతుంది. ఇంకొన్నాళ్ళకి మూడవుతుంది. పచ్చడి కలిపే గిన్నె మాత్రం ఇంకా ఒకటే ఉందని, అదెవరింట్లో ఉందో తేలడం లేదని విన్నాను.

చెరువు గురించి కూడా మన మీద నిందలున్నాయి. లేక్ వ్యూ అంటే ఎగబడతామట. కెంపేగౌడ 1537లో కోట కట్టినప్పటి నుంచీ ఈ ఊరిది చెరువుల బతుకు. ఏ నదీ పక్కన లేని ఊరు కాబట్టి ఒక చెరువు నిండి ఇంకో దాంట్లోకి పొర్లేట్టు కాలవలు తీశారు. ఆ కాలవలే రాజకాలువెలు. తర్వాతివాళ్ళు మెజెస్టిక్ బస్టాండుని ధర్మాంబుధి చెరువు మీద, కంఠీరవ స్టేడియాన్ని సంపంగి చెరువు మీద కట్టారు. ప్రభుత్వమే బస్సుల్ని చెరువులో నిలబెడితే లేనిది, మనం ఒక కారుని బేస్‌మెంట్‌లో నిలబెడితే తప్పా? 2022 సెప్టెంబర్‌లో అవుటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల నీళ్ళు వచ్చాయి, కోట్ల విలువైన విల్లాల్లోంచి జనం పడవల మీదా ట్రాక్టర్ల మీదా బయటకి వచ్చారు, ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్ ట్రాలీలో నిలబడి ఆఫీసుకెళ్ళారు. లేక్ వ్యూ కోసం అదనంగా కట్టినవాళ్ళకి ఆ వారం డబ్బు పూర్తిగా గిట్టుబాటైంది. చెరువు గుమ్మంలోకే వచ్చి కనిపించింది.

బెల్లందూరు చెరువు అయితే ఇంకో మెట్టు ఎక్కింది. నురగ కక్కి రోడ్డు మీదికి ఎగరేసింది. అంటుకుని మండింది. 2018 జనవరిలో మంటలార్పడానికి సైనికులు దిగాల్సి వచ్చింది. నీళ్ళకి నిప్పంటుకోవడం ప్రపంచంలో ఎంతమంది బాల్కనీలోంచి చూడగలరు? ఆ బాల్కనీ ఆగ్నేయంలో ఉంటే దోషం కూడా లేదు, అగ్ని ఉండాల్సిన మూలే. పక్కన రాజకాలువె బఫర్ జోన్ ఉంటే సేల్స్ వాళ్ళు దాచరు, గొప్పగానే చెబుతారు: "సార్, అటు పక్కన ఎవరూ ఏమీ కట్టడానికి లేదు, గాలి ఎప్పటికీ మీదే." మన టవర్ ఆ గీతకి ఏ పక్కనుందో మాత్రం అడగాలని తోచదు. గాలి అంత బాగుంటుంది.

దూరాల సంగతికి వస్తే, బెంగళూరులో ఎవరూ కిలోమీటర్లలో మాట్లాడరు. నిమిషాల్లో మాట్లాడతారు. ఆ నిమిషాలు ఎప్పుడు కొలిచారో బ్రోషర్ చెప్పదు. దీపావళి రాత్రి రెండింటికి, ఊరంతా సొంతూళ్ళకి పోయినప్పుడు కొలిచి ఉంటారని నా అనుమానం. మెట్రో దగ్గరా అన్నది మరో తప్పనిసరి. మొదటి రైలు 2011 అక్టోబర్‌లో బైయప్పనహళ్ళి నుంచి ఎంజీ రోడ్డుకి నడిచింది. వైట్‌ఫీల్డ్ నుంచి ఊరి అవతలి కొస దాకా దారి కలిసేసరికి 2023 అక్టోబర్ వచ్చింది. ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా పోయే పసుపు లైన్లో పట్టాలు ముందొచ్చాయి, రైళ్ళు రాలేదు. రైళ్ళ కోసం పట్టాలు ఎదురుచూసి చూసి 2025 ఆగస్టులో కలుసుకున్నాయి. ఈ ఆలస్యాన్ని చూసి విసుక్కునేవాళ్ళకి రియల్ ఎస్టేట్ అర్థం కాలేదు. మెట్రో వస్తుందన్నప్పుడు ఒకసారి ధర పెరుగుతుంది, వచ్చాక ఇంకోసారి పెరుగుతుంది. ఆ మధ్యకాలం ఎంత పొడుగైతే అంత మంది ఆశావాదులకి ఫ్లాట్లు అమ్మొచ్చు.

కొనలేక అద్దెకుంటున్నవాళ్ళకి ఈ తిప్పలేవీ లేవు. వాళ్ళకి షరతులుండవు, షరతులన్నీ ఓనరువే. పది నెలల అద్దె డిపాజిట్ ఈ ఊరి ఆనవాయితీ. రెండు నెలలకి మించకూడదని కేంద్రం 2021లో ఒక నమూనా చట్టం చేసి రాష్ట్రాల ముందు పెట్టింది. నమూనా కాబట్టి అందరూ చూసి బాగుందన్నారు. పెళ్ళికాని కుర్రాళ్ళకి ఇవ్వం, అమ్మాయిలకైతే తొమ్మిది తర్వాత గేటు వేస్తాం, ఇవన్నీ దాటాక ఓనరు నుంచి కన్నడంలో అసలు ప్రశ్న వస్తుంది.

"నాన్‌వెజ్ తింతీరా?"

ఇక్కడ తెలుగువాడి భాషాజ్ఞానం అక్కరకొస్తుంది. "తింటాం గానీ వండం అంకుల్" అంటాడు. చేపల పులుసు ఎక్కడిదని పై అంతస్తు నుంచి ఫోను వస్తే, ఊరి నుంచి అమ్మ పంపిందంటాడు. అందులో అబద్ధం లేదు. అమ్మ ఎండుచేపలే పంపింది, పులుసు అదే అయింది. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్ కింద కోస్తారు. పెయింటుకి కాదది, ఆ వాసనకి అని ఓనరు పక్షాన నేనే ఒప్పుకుంటున్నాను.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం టోకెన్ అడ్వాన్స్. అప్పటిదాకా భార్యాభర్తలిద్దరూ ఎక్సెల్ షీట్లో "ఇవి ఉంటే అసలొద్దు" అని ఒక కాలమ్ నడుపుతారు. హైటెన్షన్ లైను, శ్మశానం, రైల్వే ట్రాకు, కల్యాణమంటపం, ఎదురుగా వైన్‌షాపు. ఎంతో పట్టుదలతో, ఒకరితో ఒకరు రెండు రోజులు మాట్లాడకుండా కూర్చి తయారుచేసిన జాబితా. లక్ష రూపాయలు ఆన్‌లైన్లో వెళ్ళిపోయి మెసేజ్ రాగానే ఆ కాలమ్‌లోని ఒక్కో వస్తువుకీ మంచిబుద్ధి పుడుతుంది. హైటెన్షన్ లైను ఉన్నందుకు కరెంటు పోదు. శ్మశానం పక్కన ప్రశాంతంగా ఉంటుంది, పైగా ఎవరూ మాల్ కట్టరు. రైలు కూతకి పిల్లలు స్కూలుకి టైముకి లేస్తారు. కల్యాణమంటపం ఉందంటే బంధువులొస్తే దింపడానికి చోటు వెతుక్కోనక్కర్లేదు. వైన్‌షాపు దగ్గర ఎప్పుడూ జనసంచారం ఉంటుంది, దొంగల భయం లేదు. "ఏమండీ, మనం కావాలన్నవన్నీ దీంట్లోనే ఉన్నాయి, మనమే సరిగ్గా చూడలేదు" అని ఆవిడంటే ఈయన కళ్ళు చెమరుస్తాయి. ఇరవై ఏళ్ళ లోను తీసుకోబోతున్న మనిషికి ఆ మాత్రం ఓదార్పు కావాలి. ఇలాంటి ఓదార్పుని ఆత్మవంచన అనేవాళ్ళు ఎప్పుడూ ఈఎంఐ కట్టి ఉండరు.

ఈ విద్య అమ్మేటప్పుడు ఇంకా బాగా పనికొస్తుంది. ఐదేళ్ళయ్యాక పెద్ద ఫ్లాటు కావాలనిపించి ఉన్నదాన్ని అమ్మకానికి పెడతాం. ఆ ప్రకటన మనమే రాసుకోవాలి, రాయడానికి అసలు కష్టమే ఉండదు, అన్నీ నోటికొచ్చినవే. తూర్పు వాకిలి, వంద శాతం వాస్తు, చెరువు గాలి, నిశ్శబ్దమైన పరిసరాలు, రాబోయే మెట్రోకి నడక దూరం, ఓసీకి అప్లై చేశాం, తెలుగు కుటుంబాలకి ప్రాధాన్యం. చివర్లో "బ్రోకర్లు దయచేసి ఫోన్ చేయవద్దు" అని రాస్తాం. మొదటి ఫోను బ్రోకర్‌దే. "సార్, మీ ఫ్లాటు కొనడానికి పార్టీ సిద్ధంగా ఉంది, వాళ్ళకి పడమటి వాకిలే కావాలట, మీది ఎటు తిప్పగలరు?"